స్టూలు ఎక్కే ముందు

లైటున్న సీలింగు ఫ్యాను పాడైందనగానే "స్టూలుందా?" అని అడిగే మనిషిని నేను ఓ పట్టాన నమ్మను. ఈ పని బాగా తెలిసినవాళ్ళెవరూ అక్కణ్ణుంచి మొదలుపెట్టగా చూడలేదు. నాకు కరెంటు పని చూపించిన వైరింగ్ మేస్త్రి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగేవాడు, "ఏది పోయిందమ్మా? ఫ్యానా, లైటా, రెండూనా?" అని. జవాబు వచ్చేదాకా భుజానున్న సంచీ దించేవాడు కాదు. "ఏమో బాబూ, పని చెయ్యట్లేదంతే" అంటే, "అలా కాదమ్మా, ఒక్కో స్విచ్చూ వేసి చూపించండి" అని గోడకి చేరబడి చూసేవాడు. ఇప్పుడు చుట్టాలిళ్ళకి వెళ్తే కాఫీ కన్నా ముందు నా చేతికి టెస్టర్ అందుతోంది. ఆయన అలా నిలబడి చేసిందే అసలు పని అని, పైకెక్కాక చేసేది అందులో మిగిలిన కొసరు మాత్రమేనని నాకు రోజురోజుకీ రూఢి అవుతోంది.

ఈ రకం ఫ్యాను తన జబ్బు చాలావరకు తనే చెప్పుకుంటుంది. వట్టి ఫ్యాను ఆగితే, ఆగిందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. లైటున్నదైతే అలా కాదు. స్విచ్ బోర్డు నుంచి ఫ్యానుకో ఫేజు, లైటుకో ఫేజు విడివిడిగా పైకెళ్తాయి. తిరిగొచ్చే దారి, అంటే న్యూట్రల్, రెండిటికీ ఒక్కటే. ఈ ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా లెక్క. రెండూ ఒకేసారి ఆగిపోయాయంటే తప్పు ఉమ్మడి దారిలో ఉంది: ఎంసీబీలోనో, న్యూట్రల్లోనో, పైనున్న జాయింటులోనో. లైటు మాత్రమే పోయిందంటే న్యూట్రల్ బాగున్నట్టే. ఫ్యాను తిరగడమే అందుకు సాక్ష్యం. ఇక చూడాల్సింది లైటు స్విచ్చు, దాని ఫేజు వైరు, ఎల్ఈడీ డ్రైవరు. ఫ్యాను మాత్రమే మొండికేస్తే రెగ్యులేటరు, కండెన్సరు, వైండింగు, బేరింగు. ఒక్క స్క్రూ విప్పకుండా, నేల మీద నిలబడే, వెతకాల్సిన చోట్లు సగానికి సగం తగ్గిపోయాయి.

ఇంకా కొన్ని అడగాలి. ఈ గదిలోనేనా, పక్క గదిలోనూ ఉందా? ఫ్యాను నీరసంగా తిరుగుతోందంటే, పక్కింటివాళ్ళ ఫ్యానెలా ఉంది? మే నెల రాత్రి వీధివీధంతా ఏసీలు వేసుకున్నప్పుడు ఓల్టేజీ పడిపోయి అందరి ఫ్యాన్లూ మందగిస్తే, మన ఇంట్లో కండెన్సరు మార్చి ఏం లాభం? ఒక్కసారిగా ఆగిందా, రోజురోజుకీ తగ్గుతూ వచ్చిందా? ఈమధ్య ఇంట్లో ఎవరైనా ఏదైనా పని చేసి వెళ్ళారా? ఈ ఆఖరి ప్రశ్నకి "ఆ, మొన్ననే రంగులు వేయించాం" అని జవాబొస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. రంగులవాళ్ళు ఫ్యాను పైన జాయింటుని మూసే కప్పు కిందికి దించి, బ్రష్షు ఆడించి, మళ్ళీ పైకి తోసేసి ఉంటారు. ఆ తోపులో జాయింటు ఊడి ఉండొచ్చు.

ఆ మధ్య మా పిన్ని హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. "ఒరేయ్, కొత్త ఫ్యాను వేయించానా, స్పీడు తగ్గిస్తే లైటు కూడా తగ్గుతోంది. ఇదేమైనా కొత్త రకమంటావా?"

"కొత్త రకం కాదు పిన్నీ. రెండు వైర్ల పాయింటుకి మూడు వైర్ల ఫ్యాను బిగించారు."

"చూడకుండానే ఎలా చెబుతావు?"

"నువ్వే చెప్పావుగా!"

మన ఇళ్ళలో సీలింగులో హుక్కు పక్కనుంచి తొంగిచూసే వైర్లు మామూలుగా రెండే. ఒకటి స్విచ్చు, రెగ్యులేటరు దాటుకుని వచ్చే ఫేజు, రెండోది న్యూట్రల్. ఎర్త్ వైరు ఉంటే అదృష్టమే. ఇల్లు కట్టిన రోజున ట్యూబులైటు గోడ మీద, ఫ్యాను నడిమధ్యన, ఎవరి పాయింటు వారిది. ఫ్యాను కింద లైటు వేలాడుతుందని ఎవరూ అనుకోలేదు. నిజానికి ఆ ఆలోచన పాతదే. సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసిన ఫిలిప్ డీల్ 1880లలో మోటారుని సీలింగుకెక్కించి కరెంటు ఫ్యాను చేశాడు. తర్వాత దానికే దీపాలు కూడా తగిలించాడు. అమెరికాలో అలా జంటగా పెరిగిన సరుకు మన దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. సరుకైతే వచ్చింది, గోడలో వైర్లు పాతవే ఉన్నాయి.

పిన్ని వాళ్ళింటికి వెళ్ళి కప్పు దించి చూస్తే అనుకున్నదే. నల్ల టేపు చుట్టలు చుట్టలుగా ఉంది, జిగురు కరిగి వేళ్ళకంటుకుంటోంది. అది విప్పితే లోపల ఫ్యాను తాలూకు ఎర్ర వైరు, లైటు తాలూకు నీలం వైరు, రెండూ కలిపి మెలేసి గోడలోంచి వచ్చిన ఒక్క ఫేజుకి కట్టేసి ఉన్నాయి. బిగించినతను స్విచ్చు వేసి చూపించాడు, ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, డబ్బులు తీసుకుని వెళ్ళాడు. పనిచేస్తున్నంతసేపూ అది తప్పని ఎవరికీ తట్టదు. కానీ ఆ ఫేజు రెగ్యులేటరు గుండా వస్తోంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు అందులో ప్రతి సగం అలనీ, అంటే సెకనుకి వంద సార్లు, కొంత కోసేసి మిగిలింది పంపుతుంది. మోటారు దానికి ఓర్చుకుని నెమ్మదిగా తిరుగుతుంది. ఎల్ఈడీ డ్రైవరు ఓర్చుకోలేదు. రెపరెపలాడుతుంది, సన్నగా గీపెడుతుంది, కొన్నాళ్ళకి చస్తుంది. అప్పుడు ఇంటివాళ్ళు కంపెనీని తిట్టి కొత్త లైటు తెస్తారు, అదీ అదే దారి పడుతుంది. పైగా సంక్రాంతి చలిలో లైటు కావాలంటే ఫ్యానూ తిరగాల్సిందే!

దీనికి మందు రెండు రకాలు. మొదటిది, బోర్డు నుంచి పైకి మూడో వైరు లాగడం, దాంతోపాటే ఎర్త్ కూడా. పిన్ని వాళ్ళింట్లో పాత ఫేజు వైరు కొసకే కొత్తవి కట్టి, పైనుంచి ఎలక్ట్రీషియన్ లాగుతుంటే కింద బోర్డు దగ్గర నేను తోశాను. ముడి లావైతే పైపు వంపులో ఇరుక్కుంటుంది. అందుకని అతను వైర్ల కొసలు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా మెట్లుమెట్లుగా కోసి, టేపు చుట్టి, ఎలుక తోకలా సన్నం చేశాడు. వంపు దగ్గర కాసేపు బిగుసుకుని, తర్వాత జర్రున జారింది. పైపు మరీ నిండిపోయి ఏదీ కదలకపోతే రెండో మార్గం: కప్పులో కూర్చునే రిమోట్ రిసీవరు. అప్పుడు పైకి వచ్చేది రెండు వైర్లే అయినా, ఫ్యానునీ లైటునీ విడదీసే పని రిసీవరు చూసుకుంటుంది. కాకపోతే గోడ మీది రెగ్యులేటరుని దారిలోంచి పూర్తిగా తప్పించాలి. లోపలి సర్క్యూట్ బోర్డుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లకీ ఇదే షరతు. 2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక ఇవి ఇళ్ళలోకి బాగా వచ్చాయి. పాత ఫ్యాను 75 వాట్లు తాగే చోట ఇది సుమారు 30 వాట్లతో సరిపెడుతుంది. దాన్ని తీసుకెళ్ళి పాత రెగ్యులేటరు కింద పెడితే లోపలి సర్క్యూట్ బోర్డుకి రోజూ గండమే.

రంగులు చూసి వైరు పోల్చుకోవచ్చుగా అంటారు. మన ఇళ్ళ వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి ఇది లోకమంతటా ఉన్న ధర్మమనుకుంటాం. డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు ఒక ఆదివారం వీడియో కాల్ చేసి, కప్పు దించిన ఫ్యాను చూపిస్తూ, "అన్నయ్యా, నల్లది న్యూట్రలే కదా, పట్టుకోవచ్చా?" అన్నాడు. "ముందు కిందికి దిగరా" అన్నాను. అక్కడ నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్, పచ్చదో ఏ తొడుగూ లేని రాగి తీగో ఎర్త్. 120 ఓల్టులే కదా అని తేలిగ్గా తీసుకునేది కాదు. ఇక నీలం రంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. మన గోడలో అది ఫేజు. అమెరికా ఫ్యానులో అది లైటుకి వెళ్ళే ఫేజు. ఇస్త్రీపెట్టె తీగలోనూ, గోధుమ-నీలం జంటతో వచ్చే కొత్త ఫ్యాన్లలోనూ అది న్యూట్రల్. ఒకే కప్పులో గోడ నీలం ఒకటి, ఫ్యాను నీలం ఒకటి తారసపడి, "నీలానికి నీలం" అని ఎవరైనా కలిపేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. రంగు చెప్పేది ముందు పని చేసినవాడి ఉద్దేశం. వైరులో ఏముందో మాత్రం కొలిచే తెలుసుకోవాలి.

తమ్ముడిది ఫ్యాను తిరుగుతూ లైటు వెలగని కేసు. కిందికి దిగాక అడిగాను: లైటు గొలుసు లాగి చూశావా, బల్బు మార్చి చూశావా అని. రెండూ అయ్యాయన్నాడు. అలాంటప్పుడు అక్కడి ఫ్యాన్లలో అనుమానించాల్సిన వస్తువు ఒకటుంది. 2009 నుంచి తయారైన చాలా లైటు కిట్లలో, బల్బులన్నీ కలిపి 190 వాట్లు దాటకుండా అడ్డుకునే చిన్న డబ్బీ ఒకటి పెట్టారు, కరెంటు పొదుపు చట్టం కోసం. ఎక్కువ వాట్లని ఆపాల్సిన ఆ డబ్బీ పాడైతే అసలు లైటునే ఆపేస్తుంది. వాడింట్లో అక్కడి ఎలక్ట్రీషియన్ వచ్చి తేల్చింది కూడా అదే.

కొలవడమంటే మనకి గుర్తొచ్చేది టెస్టరే. జేబులో పెన్నులా ఉండే ఆ స్క్రూడ్రైవరు మీద నాకు గౌరవం ఉంది, నమ్మకం తక్కువ. దాని పిడిలో ఓ నియాన్ బుడ్డి, సుమారు ఒక మెగాఓమ్ రెసిస్టరు ఉంటాయి. వైరు నుంచి బుడ్డి గుండా, మన వేలి గుండా, ఒంటి గుండా మిల్లీయాంపియరులో ఏ పావువంతో నేలకి పారితే అది వెలుగుతుంది. అంటే మనమూ సర్క్యూట్లో భాగమే. అందుకే రబ్బరు చెప్పులేసుకుని చెక్క స్టూలెక్కినవాడి చేతిలో ఆ వెలుగు మసకబారుతుంది, పట్టపగలైతే కనిపించకపోనూవచ్చు. ఫేజు ఉన్నచోట లేదనిపిస్తుంది. మరోపక్క, ఎటూ కలపని వట్టి వైరు ఒకే పైపులో ఫేజు పక్కన పడుకుని వస్తే, దానికి అంటిన ఓల్టేజీతోనే టెస్టరు వెలుగుతుంది. లేనిచోట ఉందనిపిస్తుంది.

మా కింది అంతస్తులో ఓ సాయంత్రం ఫ్యానూ లైటూ ఒకేసారి ఆగిపోయాయి. ఆ ఇంటాయన బోర్డు విప్పి టెస్టరు పెట్టి, "ఏవండీ, పైకెళ్ళే ఎర్ర వైరులోనూ, నల్ల వైరులోనూ ఫేజొస్తోంది! రెండు ఫేజులు కలిసిపోయాయంటారా?" అని కంగారుగా పైకొచ్చారు. ఎర్రదానిలో వెలగడం సబబే. నల్లదానిలో ఎందుకు వెలగాలి? రెండూ ఒకేసారి ఆగాయంటే తప్పు ఉమ్మడి దారిలో ఉందని ముందే అనుకున్నాం. న్యూట్రల్ ఎక్కడో తెగింది. స్విచ్చు వేసి ఉంది కాబట్టి ఫేజు పైకెళ్ళి, ఫ్యాను వైండింగు గుండా నల్ల వైరులోకి దిగి, వెళ్ళే దారి లేక అక్కడే నిలబడిపోయింది. "రెండు స్విచ్చులూ ఆపి ఇప్పుడు పెట్టి చూడండి" అన్నాను. నల్లదాని వెలుగు పోయింది. హోల్డరుకి రెండు వైర్లు తగిలించిన పాత 100 వాట్ల బల్బు నా దగ్గరుంది. స్విచ్చు మళ్ళీ వేసి చూస్తే, ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ మధ్య అది వెలగలేదు. ఎర్ర వైరుకీ, బోర్డులోకి వచ్చే న్యూట్రల్‌కీ మధ్య భగ్గున వెలిగింది. తప్పు ఆ రెండు నలుపుల మధ్యనే, ఆ బోర్డులోనే ఉందన్నమాట. మెయిను ఆపి చూస్తే న్యూట్రల్ స్క్రూ వదులై, కింద ప్లాస్టిక్ గోధుమ రంగుకి మాడి ఉంది. మాడిన ముక్క కోసేసి, రాగి కొత్తగా ఒలిచి బిగిస్తే ఫ్యాను తిరిగింది. ఆ రోజు స్టూలు అవసరమే పడలేదు.

"మెయిను ఆపి" అన్నాను గానీ, మన ఇళ్ళలో ఆ మాటకీ ఓ మెలిక ఉంది. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిను ఆపితే ఫ్రిజ్జు ఆగుతుంది, గీజరు ఆగుతుంది. ఫ్యాన్లూ లైట్లూ ఆగవు. వాటి కోసమే కదా ఇన్వర్టరు పెట్టుకున్నది! మెయిను పడిందన్న ధీమాతో పైకెక్కి చెయ్యి పెట్టేవాడికి బ్యాటరీ నుంచి పుట్టిన 230 ఓల్టులు ఎదురొస్తాయి. మెయినుతోపాటు ఇన్వర్టరునీ ఆపి, వైర్లలో కరెంటు లేదని కొలిచి చూశాకే ముందుకెళ్ళాలి.

ఇంకో చిక్కు అరువు న్యూట్రల్. ఒక్కో ఫేజుకి విడిగా ఆర్‌సీసీబీ పెట్టిన ఓ ఇంట్లో ఫ్యాను లైటు వేసినప్పుడల్లా ట్రిప్పయ్యేది. లైటు మార్చారు, ఫ్యానే మార్చబోయారు. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని ఆర్‌సీసీబీ నిరంతరం సరిచూస్తుంటుంది. 30 మిల్లీయాంపియర్లు తేడా వచ్చిందంటే కట్టేస్తుంది. ఆ ఇంట్లో లైటు ఫేజు పక్క గది సర్క్యూటు నుంచి తెచ్చి, న్యూట్రల్ మాత్రం ఫ్యానుదే వాడుకున్నారు. ఒక ఆర్‌సీసీబీలోంచి వెళ్ళింది ఇంకోదాంట్లోకి తిరిగొస్తోంది. దాన్ని సరిచెయ్యకుండా, విసుగు పుట్టి ఆర్‌సీసీబీనే తీసేయించేవాళ్ళున్నారు. అప్పుడు ఫ్యాను ఎంసీబీ ఆపి పైకెక్కినా నల్ల వైరులో లైటు కరెంటు పారుతూనే ఉంటుంది. జాయింటు విప్పినవాడి చేతిలో అది ఫేజైపోతుంది.

ఫ్యాను మాత్రమే ఆగి, లైటు వెలుగుతుంటే మాత్రం చెవి వాడాలి. స్విచ్చు వేస్తే మూలుగుతోందా? మూలుగుతుంటే కరెంటు అందుతోంది, తిప్పే ఊపు అందట్లేదు. స్విచ్చు ఆపి, పొడుగు కర్రతో రెక్కని మెల్లగా తోయండి. బిగుతుగా ఉంటే బేరింగు. వదులుగా, హాయిగా తిరిగితే మామూలు ఫ్యాన్లలో అనుమానం కండెన్సరు మీదికి పోతుంది. స్టార్టింగు వైండింగులో కరెంటుని రన్నింగు వైండింగు కన్నా కాస్త ముందుకి జరిపి, ఏ దిక్కుకి తిరగాలో మోటారుకి చెప్పేది అదే. అది చచ్చిపోతే ఫ్యానుకి దిక్కు తెలియదు; ఎటు తోస్తే అటు తిరుగుతుంది. పూర్తిగా చావకుండా నీరసపడితే గాలి తగ్గుతుంది. మన ఇళ్ళ ఫ్యాన్లలో ఎక్కువగా కనిపించేది రెండున్నర మైక్రోఫారడ్లది. "మూడు పైన వేస్తే ఇంకా స్పీడొస్తుంది సార్" అనే సలహా వినకండి. వైండింగు వేడెక్కుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే వెయ్యాలి.

ఇన్ని అడిగి, విని, కొలిచాక పైకెక్కాల్సొస్తే ఎక్కాలి. కింద ఒక మనిషి ఉండాలి. ఎక్కిన పని కరెంటుదే అయినా, పనిలో పనిగా హుక్కు అరిగిందేమో, బోల్టుకి స్ప్లిట్ పిన్ను ఉందో లేదో, రబ్బరు బుష్షు పగిలిందేమో చూడాలి. లైటు చేరాక ఫ్యాను బరువు పెరిగింది, ఆ హుక్కు వేసింది మాత్రం వట్టి ఫ్యాను కోసం.

నాకు పని చూపించిన మేస్త్రి కప్పు మూసేముందు ప్రతి వైరుకీ చిన్న తెల్ల టేపు ముక్క చుట్టి, బాల్ పెన్నుతో "ఫ్యా", "లై", "న్యూ" అని రాసేవాడు. ఇప్పటి కుర్రాళ్ళలో బుద్ధిమంతులు ఫోనులో ఫోటో తీసి ఇంటివాళ్ళకి పంపుతున్నారు. ఫ్యాను తిరిగిందంటే పని అయిపోయిందనుకోవడం సగం లెక్క. ఐదేళ్ళ తర్వాత వచ్చే ఇంకో మనిషికి అడిగితే జవాబు దొరికేలా ఉండాలి. ఆ జవాబు చెప్పాల్సింది ఇంటివాళ్ళే, కానీ మనకి మన గోడల్లో ఏముందో తెలియదు. ఫ్లాటు కొనేటప్పుడు ఈశాన్యం ఎటుందో దిక్సూచి పెట్టి మరీ చూసుకుంటాం, న్యూట్రల్ ఎటు పోతోందో అడగం. తాళాలు తీసుకునే రోజున బిల్డరుని వైరింగు డ్రాయింగు అడగండి. లేదంటే కనీసం ఒక్కో ఫ్యాను పాయింటుకి ఎన్ని వైర్లు వచ్చాయో చూసి రాసుకోండి. రెండే వచ్చాయని గోడలకి రంగులు వేయకముందు తెలిస్తే మిగతావి లాగించడం ఒక పూట పని. ఫాల్స్ సీలింగు వేయించాక తెలిస్తే, కొత్త ఫ్యాను ధర కన్నా ఆ వైర్ల ఖర్చే ఎక్కువవుతుంది.